వ్యాయామం వేరు, చాకిరీ వేరు

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా మా మండలంలోని ఒక పల్లెలో జరిగిన ఆడవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. అచ్చుకోసం అక్కడక్కడ సరిచేశాం.)



పొద్దుటినుంచీ మళ్ళల్లో వంగిన నడుములు ఇవి. ఎసరు పెట్టి వచ్చినవాళ్ళూ వున్నారు. పొడుగు చెయ్యం. పొడుగు చెయ్యమని చెప్పి పొడుగు చెయ్యడం మా టీచర్ల జబ్బు, అది మీకూ తెలుసు, ముందే మన్నించండి.

తల్లిపాల వారోత్సవాలు ఆగస్టు 1 నుంచి 7 దాకా. 1992 నుంచి ప్రపంచమంతా జరుపుతున్నారు. ఆ తేదీలు ఎవరు పెట్టారోగానీ మన వైపు అది సరిగ్గా నాట్ల కాలం. మండలంలో బేనరు కట్టి, మైకులో తల్లిపాలు అమృతమని చెప్పే వేళకు ఆ మాట వినాల్సిన తల్లి మోకాటిలోతు బురదలో వుంటుంది. బిడ్డ ఇంటిదగ్గర ముసలమ్మ వొళ్ళో వుంటుంది. పాలు వచ్చి రవిక తడిసిపోతుంటుంది. ఆ తడి చెమటో పాలో పక్క మునుంలో వున్నదానికి కూడా తెలియదు. అందుకే ఈ సమావేశం మండలంలో కాకుండా ఇక్కడ, దీపాలు పెట్టే వేళకు పెట్టమన్నాం.

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. దానికే వచ్చాం.

పోయిన ఏడాది ఇదే వేపచెట్టు కింద ఒక పెద్దమ్మ అడిగింది. "బాలింత వొళ్ళు అలిస్తే పాలు ఇంకిపోతాయంటారు, నిజమేనా టీచరమ్మా?" అని. మా చదువు బయటపెట్టుకునే అవకాశం దొరికింది గదా. "అదంతా మూఢనమ్మకం. వొళ్ళు కదిలిస్తే పాలు తగ్గవు. అమెరికాలో పరిశోధన చేసి తేల్చారు" అని చెప్పాం. మీరు చప్పట్లు కొట్టారు. మేం పొంగిపోయి బస్సెక్కి వెళ్ళిపోయాం.

సంక్రాంతి దాటాక మిరపకోతలు వచ్చాయి. మనకు తెలిసిన ఒక చెల్లెలికి అప్పుడే తొలి కాన్పు. వూరు పేరు, పిల్ల పేరు చెప్పం, మీలో కొందరికి తెలుసు. పురుడై ఇరవయ్యారో రోజు. ముఠాకి మనుషులు చాల్లేదు. ఇంట్లో అప్పు. అత్త చెడ్డదేం కాదు, తనూ అలాగే చేసి బతికిన మనిషి. "టీచరమ్మ చెప్పింది గదా, పనికి పోతే పాలు తగ్గవని" అంటూ కోడలిని ఆటో ఎక్కించింది. పొద్దున ఏడింటికి పోతే మళ్ళీ సాయంత్రం ఆరింటికి ఇల్లు. రెండు వారాలకు రొమ్ములు ఖాళీగా వుంటున్నాయని ఆ పిల్ల అంది. మూడో వారానికి పాలడబ్బా వచ్చింది, సీసా వచ్చింది. డబ్బా ఖరీదు చూసి నీళ్ళు ఎక్కువ కలిపారు. బిడ్డకు విరేచనాలు. అంగన్‌వాడీ తూకంలో బరువు పెరగాల్సింది పోయి తగ్గింది.

మేం విని పరుగెత్తాం. ఆ చెల్లెలు మమ్మల్ని తిట్టలేదు. "మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది టీచరుగారూ, మా వొళ్ళే మంచిది కాదేమో" అంది. తిట్టినా బాగుండేది.

మేం చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఇవాళ మిగతా సగం చెప్పాలి.

అసలు ఆ పరిశోధన ఏమిటో వినండి. 1994లో అమెరికాలో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. కాలిఫోర్నియాలో డేవిస్ అనే వూళ్ళోని విశ్వవిద్యాలయం వాళ్ళు చేశారు. కాన్పయి ఆరు నుంచి ఎనిమిది వారాలైన పాలిచ్చే తల్లులు 33 మంది. చీటీలు వేసినట్టు వాళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, 12 వారాలపాటు వొళ్ళు చెమట పట్టేలా వ్యాయామం చేసింది. ఇంకో జట్టు చెయ్యలేదు. రెండు జట్ల పాలూ కొలిచారు. పాలల్లో ఏముందో పరీక్ష చేశారు. పిల్లల బరువు తూచారు. తేడా లేదు. వ్యాయామం చేసినంత మాత్రాన పాలు తగ్గలేదు, పలచబడలేదు, బిడ్డలు చిక్కిపోలేదు. ఇదీ మేం మీకు చెప్పిన ముక్క.

మేం చెప్పని ముక్క కూడా అందులోనే వుంది. వ్యాయామం చేసిన తల్లులు ఖర్చయిన శక్తికి తగ్గట్టు ఎక్కువ తిన్నారు. ఎవరూ తినమని చెప్పలేదు. ఆకలైంది, ఇంట్లో వుంది, తిన్నారు. 45 నిమిషాలు అయిపోగానే బిడ్డ దగ్గరికి పోయారు. అలిసిపోతే ఆగారు. నీళ్ళు తాగారు. పాయిఖానా వుంది, వెళ్ళారు.

మన చెల్లెలికి ఇందులో ఒక్కటైనా వుందా? పదకొండు గంటలు బిడ్డకు దూరం. మూత్రానికి చాటు దొరకదని పొద్దుటినుంచీ నీళ్ళు తాగదు. ఎక్కువ తినడానికి ఆ ఎక్కువ ఎక్కడిది? ఆ పరిశోధన చేసినవాళ్ళు మన మిరప చేను కొలవలేదు. వాళ్ళ తప్పు కాదది. దాన్ని తెచ్చి మన చేలో పెట్టిన తప్పు మాది.

ఇంతకీ పాలు ఎట్లా వస్తాయి, ఎట్లా పోతాయి? పాడి చేసేవాళ్ళకు మేం చెప్పాలా? మన వదినలు ఎందరో ఎవరెవరి గొడ్లనో చూసినవాళ్ళే. గేదెను రెండు పూటలా పితక్కుండా వదిలేస్తే ఏమవుతుంది? వట్టిపోతుంది. దూడను వదిలితేగానీ చేపుకు రాదు. తల్లి వొంట్లోనూ అదే లెక్క. బిడ్డ చీకేకొద్దీ మెదడు కింద వుండే చిన్న గ్రంథి ప్రొలాక్టిన్ అనే రసం వదులుతుంది, అది పాలు తయారు చేయిస్తుంది. రాత్రిపూట ఎక్కువ వదులుతుంది, అందుకే రాత్రి పాలు మానకూడదు. ఆక్సిటోసిన్ అని ఇంకొకటి వుంది, అది పాలను చేపుకు తెస్తుంది. నొప్పి, భయం, దిగులు, మరీ అలసట వుంటే అది ఆలస్యమవుతుంది. పాలు వున్నా దిగవు. ఇక రొమ్ము నిండి గంటల తరబడి అట్లాగే వుంటే, ఇక అవసరం లేదేమో అన్నట్టు రొమ్ము తనంతట తానే తయారీ తగ్గించుకుంటుంది. ఒకరోజు అయితే ఫర్వాలేదు. రోజూ పదకొండు గంటలు, వారాల తరబడి అయితే పాలు తగ్గక ఏమవుతాయి?

ఆడవాళ్ళను గేదెతో పోలుస్తారా అని కోపం తెచ్చుకోకండి. ఈనిన గేదెను నీడన కట్టేసి, తవుడూ చిట్టూ పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పెడతారు. దానికి జరిగినంత బాలింత మర్యాద మనకు జరిగిందా అని అడగడానికే పోల్చాం.

తిండి సంగతి కూడా సూటిగా చెప్పుకుందాం. తల్లి సగం కడుపుతో వుంటే పాలు వెంటనే ఆగిపోవు. డాక్టర్ సి. గోపాలన్ 1950లలోనే మన దేశంలో పేద తల్లుల పాల మీద పరిశోధన చేశారు. చాలీచాలని తిండితో కూడా వాళ్ళు నెలల తరబడి పిల్లలకు పాలిచ్చారు. మరి ఆ పాలు ఎక్కడినుంచి వచ్చాయి? తల్లి వొళ్ళే కరిగి వచ్చాయి. ఆమె కండ, ఆమె నెత్తురు. బిడ్డకు పాలివ్వడానికి తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్క చెప్పింది. బియ్యంలో చూస్తే 170 గ్రాముల దాకా. ఒట్టి బియ్యం చాలదు, పప్పు, గుడ్డు, ఆకుకూర వుండాలి. పొలం పనికి పోతే దాని ఖర్చు మళ్ళీ వేరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత అని తేలింది. ఇందులో మన వాడల వాటా ఎంతో మనల్ని మనం చూసుకుంటే తెలుస్తుంది. కింది రెప్ప దించి చూడండి చాలు.

ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న దేశముంది. అక్కడ కెనెబా అనే పల్లెలో నల్లజాతి తల్లులు మనలాగే వరి పండిస్తారు. 1970లలో అక్కడ పాలు కొలిచి చూసినవాళ్ళకు ఒక సంగతి కనపడింది. వానాకాలం వస్తే పాలు తగ్గుతున్నాయి. వానాకాలమంటే పొలం పని ఎక్కువ, ఇంట్లో పాత గింజలు అయిపోయే కాలం, రోగాల కాలం. అన్నీ కలిసి ఒకేసారి మీద పడతాయి. డేవిస్‌లోని తల్లి కంటే మనకు కెనెబా తల్లి దగ్గర చుట్టం. పోయినేడు ఆవిడ కథ చెప్పకుండా అమెరికా కథ చెప్పాం.

ఇంకో నమ్మకం గురించి అడగండి అని అమ్మలు చెవిలో చెబుతున్నారు. ఎండలో పనిచేసి వచ్చిన తల్లి పాలు వేడిపాలు, బిడ్డకు చేటు, ముందు పిండి పారబోసి అప్పుడు ఇవ్వాలి. ఇది మా అమ్మ కూడా చేసేది. ఇది మాత్రం వదిలెయ్యండి. పాలు వొంట్లోనే వుంటాయి, వొంటి వేడే వాటికి. ఎండకు చెడిపోవు, పులిసిపోవు. ఊపిరందనంతగా పరుగెత్తినట్టు వొంటిని పూర్తిగా అలగ్గొడితే పాలల్లో లాక్టిక్ ఆమ్లం అనే పులుపు కాస్త పెరుగుతుంది. 1992లో ఒక పరిశోధనలో అట్లాంటి పాలను పిల్లలు అంతగా ఇష్టపడలేదని అన్నారు. తర్వాత 2002లో ఇంకా జాగ్రత్తగా చూస్తే పిల్లలు మామూలుగానే తాగారు. ఎట్లా చూసినా ఆ పులుపు బిడ్డకు హాని చెయ్యదు, కాసేపట్లో అదే తగ్గిపోతుంది. పదకొండు గంటలు ఎదురుచూసిన బిడ్డ ముందు అమృతాన్ని గోడకు పిండి పారబోస్తున్నామంటే, బిడ్డ కడుపు కొట్టడమే గదా.

చేటు చేసేది ఒకటి వుంది, అది చెప్పుకోవాలి. మిరపకోత నుంచి వచ్చిన చేతులు మండుతుంటాయి. మందు కొట్టిన పత్తి చేలోంచి వచ్చిన బట్టలకు మందు వుంటుంది. బిడ్డ ఏడుస్తున్నా సరే, ముందు సబ్బుతో చేతులు, రొమ్ము కడుక్కుని, రవికా చీరా మార్చుకుని అప్పుడు ఎత్తుకోండి. వీలైతే నాలుగు చెంబులు పోసుకోండి. ముసలమ్మలు "వేడి" అన్నది దీన్ని చూసేనేమో అని మాకో అనుమానం. మన పెద్దవాళ్ళ మాటల్లో కొన్ని ఇట్లా సగం నిజాలు. మా మాట లాగే.

ఇక వ్యాయామం. ఇది మనకు కాదు, టవును ఆడవాళ్ళ వ్యవహారం అనుకునేరు. మనకే ఎక్కువ కావాలి. పనే వ్యాయామం గదా అంటారు మగవాళ్ళు. కాదు. పని నడుమును వంచుతుంది, వ్యాయామం దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. కాన్పులో కటి కింద కండరాలు సాగిపోతాయి, పొట్ట కండరాలు మధ్యలో విడిపోతాయి. అవి దగ్గరపడకముందే నారుకట్టలు మొయ్యడం, నీళ్ళ బిందెలెత్తడం, గంటల తరబడి వంగడం మొదలుపెడితే గర్భసంచి జారుతుంది, దగ్గితే తుమ్మితే మూత్రం పడుతుంది. ఇది సిగ్గుపడి దాచుకునే సంగతి. దాచుకుని దాచుకుని, ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించేసుకుంటున్నాం. ఈ ఆపరేషన్లు దేశంలోకెల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని 2015-16 సర్వేలోనే బయటపడింది.

ఏం చెయ్యాలి? మామూలు కాన్పయితే మర్నాటినుంచే మొదలుపెట్టొచ్చు. పడుకునే గుండెనిండా గాలి పీల్చి పొట్ట లోపలికి పోయేలా నెమ్మదిగా వదలడం. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, కాళ్ళల్లో నెత్తురు గడ్డకట్టకుండా. తర్వాత అసలైనది: మూత్రం మధ్యలో ఆపుకున్నట్టు కింది కండరాలను బిగపట్టి, అయిదు లెక్కపెట్టి, వదలడం. మూత్రం పోసేటప్పుడు కాదు, విడిగా. పదిసార్లు, పూటకోసారి. బిడ్డకు పాలిస్తూ కూడా చెయ్యొచ్చు, పక్కనున్న అత్తకు కూడా తెలియదు. మేం ఇప్పుడు మాట్లాడుతూ చేస్తున్నామేమో మీకు తెలుసా? నవ్వండి, ఫర్వాలేదు. తర్వాత వీధి చివరిదాకా నడక, రోజూ కాస్త పెంచుకుంటూ. ఆరు వారాలు దాటి, నర్సమ్మ చూసి బాగుందన్నాక ఇంకాస్త గట్టివి. పెద్దాపరేషన్ అయితే ఆరు వారాలదాకా బిడ్డకంటే బరువైనది ఎత్తకూడదు. బిందె అస్సలొద్దు.

వ్యాయామానికి ముందు బిడ్డకు పాలు పట్టండి, రొమ్ము బరువు తగ్గి సుఖంగా వుంటుంది. తర్వాత నీళ్ళు తాగండి. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని మన ఇళ్ళల్లో చెంబు దాచేస్తారు, అది తప్పు. దాహమైనంత తాగాలి. నడికట్టు కట్టుకుంటే కట్టుకోండి, ఊపిరాడనంతగా బిగించొద్దు. మళ్ళీ ఎర్రగా నెత్తురు కనపడినా, నొప్పి వచ్చినా, కింద ఏదో జారినట్టున్నా ఆపి ఆస్పత్రికి పోవాలి. బాలింతలు కూడా వారానికి 150 నిమిషాలు వొళ్ళు కదిలించాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే రోజుకు ఇరవై నిమిషాల చిల్లర. దిగులు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, పాలు తగ్గవు. చేలో పదకొండు గంటలు వున్నదానికి ఇరవై నిమిషాలు ఎక్కడివి అని అడుగుతారు. అదే మా ప్రశ్న కూడా.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పకపోతే దొంగతనం అవుతుంది. మమ్మల్ని కన్న పద్దెనిమిదో రోజుకు మా అమ్మ కలుపుకు పోయిందంట. గట్టుమీద తుమ్మచెట్టుకు ఉయ్యాల కట్టిందంట. ఆ రోజుల్లో చెట్టన్నా వుండేది. మేం చదువుకుని ఉద్యోగంలో చేరాక మా కాన్పుకు జీతంతో సెలవు వచ్చింది. నెలల తరబడి బిడ్డ దగ్గరే వున్నాం, పాలకు కొదవ లేదు. అదే ఏడాది మా తమ్ముడి భార్యకు కాన్పు. ఒకే ఇల్లు, ఒకే కూడు. నెల తిరక్కుండానే ఆమె ముఠాలోకి పోయింది. ఆమె బిడ్డ ఏడిస్తే మేమే పాలిచ్చాం కొన్నిసార్లు. అది గొప్పగా చెప్పుకున్నాం అప్పట్లో. ఆమె సెలవు ఎక్కడికి పోయిందని మాత్రం అడగలేదు.

ఆ ప్రశ్న బాబాసాహెబ్ అడిగాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో మిల్లు ఆడవాళ్ళ ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు ఆయన లేచి సమర్థించాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికే మేలని, ఆ ఖర్చు ఆమె నెత్తిన పడకూడదని వాదించాడు. 1929లో చట్టమైంది. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు గనుల్లో పనిచేసే తల్లుల చట్టానికి సవరణ తెచ్చాడు. ఆయన జయంతికి మనం వంద మాటలు చెబుతాం, ఈ మాట ఎవరూ చెప్పరు.

1961లో దేశమంతటికీ ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో దాన్ని సవరించి సెలవు 26 వారాలు చేశారు. యాభైమంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల గది పెట్టాలన్నారు. తిరిగి పనిలోకొచ్చిన తల్లికి బిడ్డ పదిహేను నెలలదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం అన్నారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లో కూడా వీటిని వుంచారు. చదివితే కడుపు నిండుతుంది. అయితే అది ఫ్యాక్టరీకి, ఆఫీసుకు, పదిమంది, అంతకుమించి వున్న కొట్టుకు. నాట్లేసే ముఠాలో ఇరవైమంది వున్నా అది కొట్టు కాదు. 2013 ఆహార భద్రత చట్టంలో ప్రతి తల్లికీ ఆరువేలకు తగ్గకుండా ఇవ్వాలని రాశారు. 2017లో కేంద్రం పథకం పెట్టేసరికి అది అయిదువేలైంది, తొలి కాన్పుకే అయింది. 2022 నుంచి రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరువేలు అన్నారు. ఆ ఆరువేలే ఆరు నెలలకు పంచితే నెలకు వెయ్యి. 2005 ఉపాధి హామీ చట్టంలో ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్ళను చూడ్డానికి ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. చెరువు పనికి పోయినవాళ్ళు ఇక్కడ చాలామంది వున్నారు. ఆ మనిషిని చూసినవాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు.

మరి ఆ చెల్లెలు బిడ్డ ఏమైందని అడుగుతున్నారు. చెబుతాం. ముఠాలో ఆడవాళ్ళే ఒక మాటకొచ్చారు. తలా ఒక పూట కూలి వేసి ఆమెను మూడు వారాలు ఇంట్లో వుంచారు. బిడ్డను రవిక విప్పి వొంటికి ఆనించి పడుకోబెట్టుకుంది. రెండు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా, రెండు వైపులా పట్టింది. సీసా మెల్లగా మానిపించి, తక్కువపడిన పాలు ఉగ్గుగిన్నెతో పోశారు. మొదటి నాలుగురోజులు ఏమీ రాలేదని ఏడ్చింది. తర్వాత పాలు వచ్చాయి. తగ్గిన పాలు తిరిగి వస్తాయి, వట్టిపోయిందని ఎవరూ నిరాశపడొద్దు. రెండు నెలలకు తూకంలో గీత పైకెక్కింది. ఆ వొళ్ళు మంచిది కాకపోవడమేమిటి?

కానీ అక్కలారా, ఆ మూడు వారాల కూలి ఎవరిచ్చారు? మీలాంటివాళ్ళే. రైతు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇప్పుడు నాట్లన్నీ ఎకరానికి ఇంత అని గుత్త. బాలింత వెనకబడితే ఆ బరువు పక్క మునుంలోని ఆడదాని మీద పడుతుంది, రైతుకు నష్టం లేదు. అందుకే మనలో మనకే చిరాకు పుడుతుంది. "దీన్ని ఎందుకు తెచ్చావు మేస్త్రీ" అని మనమే అంటాం. అది మనకొచ్చిన బుద్ధి కాదు, గుత్త నేర్పిన బుద్ధి.

ఈ సీజన్లో మూడు పల్లెల్లో మాట్లాడాం. ఒక్క పల్లెలో కుదిరింది. గుత్త మాట్లాడేటప్పుడే మేస్త్రీ రైతుతో చెబుతాడు: ముఠాలో పాలిచ్చే తల్లి వుంది, పొద్దున పదింటికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ అరగంట చొప్పున ఆమె గట్టుమీదికి వస్తుంది, ఆ లెక్క గుత్తలోనే కలపాలి అని. ఇద్దరు రైతులు కాదన్నారు, నాట్లకు మనుషులు దొరక్క మూడోరోజున ఒప్పుకున్నారు. మూడు నెలలు నిండనిదాన్ని ముఠా పిలవదు. బిడ్డను గట్టుకు ఎవరు తేవాలనే దగ్గర ఆగింది కొన్నాళ్ళు. నాయనమ్మ మోకాళ్ళు నొప్పులు. తండ్రి వున్నాడు, ఖాళీగానే వున్నాడు, బండి కూడా వుంది. బిడ్డను ఎత్తుకుని ఆడకూలీల మధ్యకు రావడానికి సిగ్గంట. ఏప్రిల్ 14న దండ పట్టుకుని అందరికంటే ముందు నిలబడేవాడు. చివరికి అతను వస్తున్నాడు, కాకపోతే బిడ్డను గట్టుమీద ఇచ్చేసి చింతచెట్టు అవతలికి పోయి నిలబడతాడు. అంతవరకు వచ్చాడు.

బిడ్డను తేలేని చోట పాలు పిండి పెట్టండి. పొద్దున పనికి పోయేముందు బిడ్డకు పట్టాక మిగిలినవి చేత్తో పిండి, కడిగి మరగపెట్టిన స్టీలు గిన్నెలో పోసి మూతపెట్టి చల్లటి చోట వుంచాలి. మన ఎండలకు నాలుగు గంటలకు మించి వుంచొద్దు. ఫ్రిజ్ వున్న ఇల్లయితే ఇంకా సేపు వుంటాయి. ఉగ్గుగిన్నెతోనే పట్టాలి, సీసా వద్దు. చేలో వున్నప్పుడు కూడా రెండుసార్లు చాటుకుపోయి పిండెయ్యండి. ఆ పాలు పోతాయని బాధపడకండి. పిండితేనే రేపటి పాలు వస్తాయి, గడ్డలు కట్టవు, జ్వరం రాదు. పాలడబ్బాల మీద ప్రచారం చెయ్యకూడదని 1992లోనే చట్టం చేశారు. ఎవరైనా ఆస్పత్రిలోనో మందులషాపులోనో డబ్బా చేతిలో పెడితే మాకు చెప్పండి.

ఇక ముగిస్తాం. ఈ పల్లెలో ఇప్పుడు నలుగురు బాలింతలు, ఇద్దరు నెలలు నిండినవాళ్ళు వున్నారని ఆశా చెల్లెలు చెప్పింది. పుస్తకం తెచ్చాం, వాళ్ళ పేర్లు, ఏ ముఠాలో వున్నారో రాసుకుందాం. మొదటి కాన్పు అమ్మాయిలు ముందుకు రండి, ఆ బిగపట్టే వ్యాయామం చాపమీద చూపిస్తాం, మగవాళ్ళు అటు తిరగండి. మేస్త్రీ అన్నా, మీరు లేచి పోకముందే ఒక్క మాట చెప్పి పోండి: రేపు ఎవరి చేలో నాటు, ఆ గట్టుమీద నీడ వుందా, లేకపోతే పట్టా కట్టడానికి నాలుగు కర్రలు ఎవరింట్లో వున్నాయి?